క్లాసిక్ రూపంలో కట్టిన కారుకు అమెరికాలో ఏ టైటిల్ తీసుకోవాలి: దారులు, షరతులు, పోలిక

1965 నాటి షెల్బీ కోబ్రాలా కనిపించే నాలుగు కార్లను ఒకే వరుసలో నిలబెడితే చూసేవారికి నాలుగూ ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం ఒకటి నిజంగా ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు కావచ్చు, రెండోది కిట్ తెప్పించుకుని ఇంటి గ్యారేజీలో బిగించుకున్న కారు కావచ్చు, మూడోది ఒక చిన్న కంపెనీ కొత్తగా తయారుచేసి అమ్మిన రెప్లికా కావచ్చు, నాలుగోది తప్పుడు వివరాలతో టైటిల్ (యాజమాన్య పత్రం) రాయించుకుని ఏ రోజైనా జప్తు అయ్యే ప్రమాదంలో ఉన్న కారు కావచ్చు. కారు ఎంత బాగా కుదిరిందన్నది వేరు, కాగితం మీద అది ఏమిటన్నది వేరు. ఈ రెండో విషయాన్ని చాలామంది పెయింట్ కూడా ఆరిన తరువాత, నంబరు ప్లేటు కోసం డీఎంవీ (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) ఆఫీసు మెట్లెక్కే రోజున మాత్రమే పట్టించుకుంటారు. అప్పటికి కొన్ని దారులు మూసుకుపోయి ఉంటాయి.

అందుకే మొదటే చెప్పదలచుకున్నది ఇది: ఇంజిన్ కొనకముందే, వీలైతే కిట్‌కు అడ్వాన్సు కట్టకముందే, ఆ కారుకు ఏ తరగతిలో టైటిల్ తీసుకోబోతున్నారో తేల్చుకోవాలి. ఎందుకంటే ఏ ఇంజిన్ పెట్టవచ్చు, ఏ రసీదులు దాచాలి, కారును ఎంత తరచుగా నడపవచ్చు అన్నవన్నీ ఆ ఒక్క నిర్ణయం నుంచే పుడతాయి.

టైటిల్, రిజిస్ట్రేషన్ ఒకటి కావు

మన దేశంలో ఆర్‌సీ ఒక్కటే యాజమాన్యానికీ, రోడ్డు మీద తిరిగే అనుమతికీ రుజువుగా పనిచేస్తుంది. అమెరికాలో ఈ రెండూ విడివిడి పత్రాలు. టైటిల్ అనేది కారు ఎవరిది, అది ఏ ఏడాది ఏ కంపెనీ కారు, దాని విన్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఎంత అని చెప్పే యాజమాన్య పత్రం. రిజిస్ట్రేషన్ అనేది ఆ కారును ప్రజల రోడ్ల మీద నడపడానికి ఇచ్చే, సాధారణంగా గడువు ఉండే అనుమతి. రెండింటినీ జారీ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే కనుక యాభై రాష్ట్రాల్లో యాభై పద్ధతులు ఉన్నాయి. ఫెడరల్ ప్రభుత్వం పాత్ర కొత్త కార్ల తయారీ ప్రమాణాలకూ, ఉద్గారాల ప్రమాణాలకూ, విన్ నంబరును చెరిపివేయడం లాంటి నేరాలకూ పరిమితం.

ఎంపికకు ముందు తూచవలసినవి

మొదటిది గుర్తింపు. 1981 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లకు 17 అక్షరాల విన్ తప్పనిసరి అయింది. అంతకుముందు ఒక్కో కంపెనీ తనకు తోచిన పద్ధతిలో, తనకు తోచిన చోట నంబరు కొట్టేది. పాత మస్టాంగ్‌లలో అది ముందు ఫెండర్ లోపలి రేకు మీద చెక్కి ఉంటుంది. జనరల్ మోటార్స్ కార్లలో 1960ల మధ్య నుంచి నంబరు పట్టీని పువ్వు రేకుల్లాంటి తల ఉన్న ప్రత్యేక రివెట్లతో బిగించేవారు, కనుక తనిఖీ అధికారి నంబరు చదవడానికి ముందు ఆ రివెట్ల తల ఆకారాన్ని చూస్తాడు. మామూలు గుండ్రటి రివెట్లు కనబడితే అక్కడే అనుమానం మొదలవుతుంది. సొంతంగా కట్టిన కారుకైతే పుట్టుకతో వచ్చిన నంబరు ఉండదు, లేదా కిట్ కంపెనీ ఇచ్చిన సీరియల్ నంబరు మాత్రమే ఉంటుంది. అప్పుడు రాష్ట్రమే తనిఖీ చేసి కొత్త నంబరు కేటాయిస్తుంది. ఊళ్లో పొలం కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా అని చూసినట్టే, ఫ్రేమ్, బాడీ, ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చాయో ఆ అధికారి వరుసగా చూస్తాడు.

రెండోది ఉద్గారాల ఏడాది. పొల్యూషన్ పరీక్ష ఉన్న రాష్ట్రాల్లో కారును ఏ ఏడాది ప్రమాణంతో కొలుస్తారన్నదే అసలు ప్రశ్న. 1965 ప్రమాణం అంటే దాదాపు ఏ పరికరమూ అవసరం లేదు. ఈ ఏడాది ప్రమాణం అంటే సొంత గ్యారేజీలో కట్టిన కారుకు అది దాదాపు అసాధ్యం. రెండింటి మధ్య దూరం వేల డాలర్లు, కొన్నిసార్లు మొత్తం కారే.

మూడోది వాడకం మీద పరిమితి. కొన్ని తరగతులు ప్రదర్శనలకూ, క్లబ్ కార్యక్రమాలకూ, అప్పుడప్పుడూ సరదా ప్రయాణాలకూ మాత్రమే అనుమతిస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లాలనుకునేవారు ఈ షరతును ముందే చదవాలి.

ఆ తరువాత ఇన్సూరెన్స్, అమ్మకం, రాష్ట్రం మారడం వస్తాయి. ఇవి తరువాతి విషయాల్లా కనిపించినా, ఉద్యోగం కోసం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారే అవకాశం ఎక్కువగా ఉన్న మన తెలుగువారికి ఆఖరిది నిజానికి మొదటి వరుసలోనే ఉండాలి.

మొదటి దారి: పాత కారు గుర్తింపును నిలుపుకోవడం

నిజమైన 1967 మస్టాంగ్‌ను దాని టైటిల్‌తో సహా కొని, తుప్పు పట్టిన భాగాలు మార్చి, బ్రేకులు, సస్పెన్షన్, ఇంజిన్ కొత్తవి వేసుకుంటే అది చట్టం దృష్టిలో ఇప్పటికీ 1967 ఫోర్డే. కాలిఫోర్నియా వాహన చట్టం ప్రత్యేక నిర్మాణ వాహనాన్ని నిర్వచిస్తూనే, భాగాలు మార్చి అసలు రూపానికి పునరుద్ధరించిన కారు ఆ నిర్వచనంలోకి రాదని స్పష్టంగా చెబుతుంది. ఇది అన్నింటికంటే సాఫీ దారి. టైటిల్ మారదు, కొత్త విన్ అవసరం లేదు, రాష్ట్రం మారినా ఎవరూ ప్రశ్నించరు. 25 ఏళ్లు దాటిన కారుకు చాలా రాష్ట్రాలు పురాతన వాహనాల ప్లేటు కూడా ఇస్తాయి, అయితే ఆ ప్లేటు తీసుకుంటే వాడకం మీద పరిమితులు వస్తాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మార్పిడి ఎంత దూరం వెళ్లవచ్చన్న దగ్గర. డైనాకార్న్ లాంటి కంపెనీలు 1960ల మస్టాంగ్, కమారో బాడీ షెల్‌లను కొత్త ఉక్కుతో పూర్తిగా తయారుచేసి అమ్ముతున్నాయి. తుప్పుపట్టి పనికిరాకుండా పోయిన కారు నుంచి నంబరు పట్టీని ఊడదీసి ఈ కొత్త షెల్‌కు బిగిస్తే అది పునరుద్ధరణా, కొత్త కారా? చాలామంది దీన్ని చిన్న విషయంగా తీసుకుంటారు. కానీ విన్ నంబరును తెలిసి తెలిసి తొలగించడం, మార్చడం ఫెడరల్ చట్టం ప్రకారం అయిదేళ్ల వరకు జైలు పడే నేరం. మరమ్మతుకు అవసరమై తొలగించడానికి ఆ చట్టంలో మినహాయింపు ఉన్నా, ఆ కారు లేదా భాగం దొంగిలించినదని తెలిసి చేసినవారికి అది వర్తించదు. బాడీ మొత్తం మారుతుందనుకుంటే ఈ దారి వదిలి తరువాతి దారి ఎంచుకోవడమే నా సలహా.

కాన్సస్‌లో జరిగినది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1959 కార్వెట్ ఒకటి కొన్న వ్యక్తి 2017లో దాన్ని రిజిస్టర్ చేయబోతే, గతంలో పునరుద్ధరణ సమయంలో ఎవరో నంబరు పట్టీని తీసి తిరిగి బిగించారని తనిఖీలో తేలింది. కొన్నవాడి తప్పు ఏమీ లేకపోయినా కారును స్వాధీనం చేసుకున్నారు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం అలాంటి కారును ధ్వంసం చేయాలి. ఏళ్ల తరబడి సాగిన కోర్టు పోరాటం తరువాత 2022లో కాన్సస్ శాసనసభ చట్టాన్నే సవరించవలసి వచ్చింది. పాత కారు కొనేవారు ధర మాట్లాడటానికి ముందు నంబరు పట్టీని, దాని రివెట్లను, ఫ్రేమ్ మీది ముద్రను స్వయంగా చూడాలని, తెలియకపోతే తెలిసినవారిని వెంట తీసుకెళ్లాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్ పాన్ (కారు అడుగు ఛాసిస్) మీద కట్టే డ్యూన్ బగ్గీలు, పోర్షే స్పీడ్‌స్టర్ రెప్లికాలు ఈ దారికీ తరువాతి దారికీ మధ్య ఉంటాయి. ఫ్లోర్ పాన్‌కు సొంత నంబరు ఉంటుంది కనుక వీటిలో చాలా కార్లు దశాబ్దాలుగా "ఫోక్స్‌వ్యాగన్"గానే టైటిల్ మీద నడుస్తున్నాయి. బాడీ పూర్తిగా వేరైనప్పుడు ఇది చెల్లుతుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొనేముందు మీ రాష్ట్రంలో అడిగి తెలుసుకోవాలి, అమ్మేవాడి మాట సరిపోదు.

రెండో దారి: ప్రత్యేక నిర్మాణ వాహనం

ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీ నుంచి కిట్ తెచ్చుకుని, ఇంజిన్ ఒకచోట, గేర్‌బాక్స్ ఒకచోట కొని, వారాంతాల్లో బిగించుకునేవారి దారి ఇదే. రాష్ట్రాన్ని బట్టి దీని పేరు మారుతుంది: కాలిఫోర్నియాలో స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్, టెక్సాస్‌లో అసెంబుల్డ్ వెహికల్, వాషింగ్టన్‌లో కిట్ వెహికల్. ఈ తరగతికి ఉన్న గొప్పతనం నిజాయితీ. కారు ఏమిటో టైటిల్ అదే చెబుతుంది, కనుక పదేళ్ల తరువాత ఎవరు తనిఖీ చేసినా భయం లేదు.

కాలిఫోర్నియా పద్ధతి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది కనుక దానిని వివరంగా చూద్దాం. అక్కడి నిర్వచనం ప్రకారం ఇది లైసెన్సు ఉన్న తయారీదారు కట్టని, సొంత వాడకానికి కట్టుకున్న, అమ్మకానికి ఉద్దేశించని వాహనం. దరఖాస్తుతోపాటు కారు ఎలా కట్టారో చెప్పే ప్రకటన పత్రం, ఫ్రేమ్, ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ వంటి ప్రధాన భాగాల రసీదులు లేదా బిల్ ఆఫ్ సేల్ (అమ్మినట్టు రాసిచ్చిన) పత్రాలు, కిట్ తయారీదారు ఇచ్చిన మూలధ్రువపత్రం ఉండాలి. బ్రేకులు, లైట్ల తనిఖీ పత్రం కూడా కావాలి. ఈ తనిఖీ వ్యవస్థను 2024లో మార్చారు కనుక పాత సలహాల్లో ఉన్న బ్రేక్ అండ్ ల్యాంప్ స్టేషన్ల మీద ఆధారపడకూడదు. ఆ తరువాత కాలిఫోర్నియా హైవే పెట్రోల్ అధికారులు భాగాలు దొంగిలించినవి కావని చూసి గుర్తింపు నంబరు ఇస్తారు. టైటిల్‌లో తయారీదారు పేరు స్థానంలో ఫోర్డ్ అనో షెల్బీ అనో రాయరు, ప్రత్యేక నిర్మాణ వాహనమని సూచించే సంకేతాన్నే రాస్తారు.

ఇక ఉద్గారాల విషయం. 2001లో వచ్చిన ఎస్‌బీ 100 చట్టం ఏటా మొదటి 500 ప్రత్యేక నిర్మాణ వాహనాలకు ఒక అసాధారణమైన వెసులుబాటు ఇస్తుంది. యజమాని తన కారును బాడీ పోలి ఉన్న ఏడాది ప్రమాణంతో కొలవమని గానీ, ఇంజిన్ పోలి ఉన్న ఏడాది ప్రమాణంతో కొలవమని గానీ కోరవచ్చు. బాడీ ఏ ఫ్యాక్టరీ కారునూ పోలకపోతే 1960గా లెక్కిస్తారు. కాలిఫోర్నియాలో 1975, అంతకంటే పాత పెట్రోలు కార్లకు స్మాగ్ (పొల్యూషన్) పరీక్ష లేదు కనుక, 1965 కోబ్రా ఆకారంలో ఉన్న కారుకు ఈ చట్టం కింద ఆ బెడద శాశ్వతంగా తప్పుతుంది. ఆ 500లో ఒకరు కావాలంటే డీఎంవీ నుంచి వరుస సంఖ్య ధ్రువపత్రం తీసుకోవాలి. కొత్త కోటా జనవరి మొదటి పనిదినాన మొదలవుతుంది కనుక, ఆ ఉదయం ఆఫీసు తలుపు తెరిచేసరికి కాగితాలన్నీ చేతిలో పట్టుకుని వరుసలో ఉండేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ తరువాత బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ రిఫరీ (ఉద్గారాల తనిఖీదారు) దగ్గరకు కారును తీసుకెళితే, ఆయన చూసి ఏడాదిని నిర్ధారించి కారుకు లేబుల్ అంటిస్తాడు.

కోటా అందకపోతే? కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఆమోదం ఉన్న ఇంజిన్ ప్యాకేజీ వాడటం ఒక మార్గం. జనరల్ మోటార్స్ ఈ-రాడ్ ప్యాకేజీ ఇలాంటిదే, క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, కంప్యూటర్‌తో సహా అన్నీ కలిపి వస్తుంది. ఖరీదు ఎక్కువ, ఇంజిన్ బేలో స్థలం చూసుకోవాలి, కానీ ఏడాది ఆగలేని వారికి ఇది గౌరవప్రదమైన పరిష్కారం. అందుకే ఇంజిన్ కొనడానికి ముందే తరగతి తేల్చుకోవాలన్నాను. కార్బ్యురేటర్ ఉన్న పాత వి8 కొనేసి, కోటా అందక కూర్చుంటే ఆ ఇంజిన్ గ్యారేజీలోనే ఉంటుంది.

టెక్సాస్‌లో ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంజిన్, ఫ్రేమ్, బాడీ అనే మూడు మౌలిక భాగాలతో కొత్త లేదా పాత సామగ్రి నుంచి కూర్చిన వాహనాన్ని, కిట్ నుంచి కట్టిన దానితో సహా, అక్కడ అసెంబుల్డ్ వాహనం అంటారు. కారు రోడ్డుకు తగినట్టు కట్టారని ఏఎస్ఈ (మెకానిక్‌ల నైపుణ్యాన్ని ధ్రువీకరించే సంస్థ) ధ్రువీకరణ ఉన్న మాస్టర్ టెక్నీషియన్ చూసి సంతకం చేయాలి. కొన్నేళ్లు డ్యూన్ బగ్గీలకు టైటిల్ నిరాకరించిన ఆ రాష్ట్రం 2019 చట్టంతో మళ్లీ దారి తెరిచింది. మామూలు కార్లకు భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఉద్గారాల పరీక్ష డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీలతో సహా కొన్ని కౌంటీలకే పరిమితం, అది కూడా 24 ఏళ్ల లోపు మోడళ్లకే. కనుక ఫ్రిస్కోలోనో ఆస్టిన్‌లోనో ఉంటూ కిట్ కట్టాలనుకునేవారు తమ కారు టైటిల్ మీద ఏ మోడల్ ఏడాది పడుతుందో కౌంటీ ఆఫీసులో ముందే అడిగి తేల్చుకోవాలి. పరీక్ష పడుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

వాషింగ్టన్‌లో స్టేట్ పెట్రోల్ తనిఖీ తప్పదు, అయితే 2020 నుంచి ఉద్గారాల పరీక్షలే లేవు. సియాటెల్ చుట్టుపక్కల ఉండేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

మూడో దారి: స్ట్రీట్ రాడ్, కస్టమ్ వాహనం

వాహన విడిభాగాల పరిశ్రమ సంఘం సెమా రూపొందించిన ఒక నమూనా చట్టాన్ని ఇరవైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఆమోదించాయి. దాని సారం ఇది: 1949కి ముందు తయారైన, లేదా ఆ తరువాత కట్టినా 1949కి ముందు కారును పోలి ఉన్న మార్పుచేసిన వాహనం స్ట్రీట్ రాడ్. కనీసం 25 ఏళ్లు నిండిన 1948 తరువాతి మోడల్, లేదా దాన్ని పోలి ఉన్న వాహనం కస్టమ్ వాహనం. ఈ తరగతిలోకి వస్తే, కారు ఎప్పుడు కట్టినా అది పోలి ఉన్న కారు ఏడాదే టైటిల్ మీద పడుతుంది. ఆ ఏడాదిలో చట్టం కోరిన పరికరాలు ఉంటే చాలు.

ఫ్లోరిడా దీనికి మంచి ఉదాహరణ. అక్కడి చట్టం బాడీ పోలి ఉన్న మోడల్ ఏడాదినే టైటిల్‌లో చూపమంటుంది. ఉద్గారాల పరీక్షలు ఆ రాష్ట్రంలో 2000లోనే ఆగిపోయాయి. వెనుక లైట్ల మధ్యలో నీలం చుక్కలు పెట్టుకోవడం పాత హాట్ రాడ్ సంప్రదాయం. మామూలు కార్లకు అనుమతించని ఆ చిన్న అలంకారాన్ని కూడా ఈ తరగతికి చట్టం ఒప్పుకుంటుంది. 1932 ఫోర్డ్ కూపేను ప్రేమించి కట్టేవారికి ఇలాంటి చిన్న విషయాలు ఎంత విలువైనవో కట్టినవారికే తెలుసు.

బదులుగా ఇవ్వవలసినది ఒకటుంది. ఈ కారును రోజువారీ ప్రయాణానికి వాడనని, అప్పుడప్పుడూ ప్రయాణాలకూ, ప్రదర్శనలకూ, క్లబ్ కార్యక్రమాలకూ, ఊరేగింపులకూ, యాత్రలకూ మాత్రమే ఉంచుకుంటానని యజమాని ప్రమాణపత్రం ఇవ్వాలి. దీన్ని లాంఛనంగా తీసుకోవద్దు. రోజూ ఉదయం ఆఫీసు పార్కింగ్‌లో కనబడే కారు ప్రమాదానికి గురైతే, ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఈ ప్రమాణం గురించే. ఆదివారం ఉదయం నడిపేవారికి మాత్రం ఇంతకంటే మంచి తరగతి లేదని నా అభిప్రాయం.

నాలుగో దారి: తయారై వచ్చిన రెప్లికా

2015లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం చిన్న తయారీదారులకు పాత కార్ల ప్రతిరూపాలను పూర్తిగా కట్టి అమ్మే అవకాశం ఇచ్చింది. దాని అమలు నియమాలు రావడానికి 2022 దాకా పట్టింది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 5,000 కంటే ఎక్కువ వాహనాలు తయారుచేయని కంపెనీ, కనీసం 25 ఏళ్ల క్రితం ఉత్పత్తి అయిన కారును పోలిన రెప్లికాలను అమెరికాలో ఏటా 325 వరకు అమ్మవచ్చు. ఢీకొన్నప్పటి రక్షణ వంటి మొత్తం వాహనానికి వర్తించే భద్రతా ప్రమాణాల నుంచి వీటికి మినహాయింపు ఉంది. అద్దాలు, టైర్లు, లైట్లు వంటి పరికరాల ప్రమాణాలు వర్తిస్తాయి. ఇంజిన్ మాత్రం ప్రస్తుత ఉద్గార ప్రమాణాలకు తగినదై ఉండాలి.

కొనేవారికి ఇందులో ఉన్న సౌఖ్యం కాగితాలు. 17 అక్షరాల విన్, తయారీదారు ధ్రువపత్రం ఉన్న కొత్త కారుగా వస్తుంది కనుక రసీదుల కట్టలు మోయనవసరం లేదు. ఖర్చు మాత్రం మిగతా అన్నింటికంటే ఎక్కువ, సొంత చేతులతో కట్టిన తృప్తి ఉండదు. ఈ చట్టం కింద నమోదైన కంపెనీయేనా అన్నది జాతీయ రహదారి భద్రతా సంస్థ దగ్గర సరిచూసుకోవాలి, ఎందుకంటే ఎవరో గ్యారేజీలో కట్టిన కిట్‌ను "పూర్తిగా తయారైన రెప్లికా" అని అమ్మేవారూ మార్కెట్లో ఉన్నారు.

దగ్గరి దారులు

మోంటానాలో సాధారణ అమ్మకం పన్ను లేదు, 11 ఏళ్లు దాటిన కారుకు శాశ్వత రిజిస్ట్రేషన్ ఉంది. అందుకని అక్కడ ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి, కారును దాని పేరు మీద రిజిస్టర్ చేసి, కాలిఫోర్నియాలోనో మరోచోటో నడిపేవారు ఉన్నారు. వెర్మాంట్ చాలా ఏళ్లు 15 ఏళ్లు దాటిన కార్లకు టైటిల్ అడగకుండా పోస్టులోనే రిజిస్ట్రేషన్ ఇచ్చేది, ఇతర రాష్ట్రాలవారు దానితో టైటిల్ లేని కార్లకు కాగితాలు పుట్టించుకునేవారు. 2023లో వెర్మాంట్ ఆ తలుపు మూసింది.

ఈ దారులు నేను ఎవరికీ సూచించను. కారు నివసించేది ఒక రాష్ట్రంలో, కాగితం మరో రాష్ట్రంలో అయితే ఎగవేసిన పన్ను, జరిమానా తరువాత మెడకు చుట్టుకుంటాయి. అసలు ఉండే చిరునామా దాచారని తేలితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ నిలవదు. వీసా మీద ఉన్నవారు తప్పుడు ప్రకటనతో కూడిన ఏ ప్రభుత్వ పత్రం మీదా సంతకం చేయకూడదని విడిగా చెప్పనక్కరలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | టైటిల్ మీద పడేది | ఉద్గారాల లెక్క | రోజువారీ వాడకం | రాష్ట్రం మారితే |
|---|---|---|---|---|
| పాత గుర్తింపుతో పునరుద్ధరణ | అసలు ఏడాది, అసలు కంపెనీ, అసలు విన్ | అసలు మోడల్ ఏడాది | మామూలు ప్లేటుతో వీలు | సులభం |
| ప్రత్యేక నిర్మాణం, కిట్ | రాష్ట్రం ఇచ్చిన నంబరు, ప్రత్యేక తరగతి సంకేతం | రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో 500 కోటా | సాధారణంగా వీలు | కొత్త రాష్ట్రం మళ్లీ తనిఖీ చేయవచ్చు |
| స్ట్రీట్ రాడ్, కస్టమ్ | పోలి ఉన్న ఏడాది | పోలి ఉన్న ఏడాది | పరిమితం | ఆ తరగతి ఉన్న రాష్ట్రమైతే సులభం |
| ఫ్యాక్టరీ రెప్లికా | 17 అక్షరాల విన్, తయారీదారు పేరు | ప్రస్తుత ప్రమాణం | వీలు | కాగితాలు సిద్ధంగా ఉంటాయి |

పట్టికలో ఇమడని విషయం ఒకటి ఉంది. ఆఖరి నిలువు వరుసలో "మళ్లీ తనిఖీ" అన్న మాట చిన్నగా కనబడుతుంది గానీ, టెక్సాస్‌లో హాయిగా నడిచిన కిట్ కారుతో కాలిఫోర్నియాకు మారినవారికి అదే పెద్ద అడ్డంకి. అక్కడ నివాసం ఏర్పరచుకున్న 20 రోజుల్లో కారును రిజిస్టర్ చేయాలి, టెక్సాస్ టైటిల్ మీద ఏ ఏడాది ఉన్నా కాలిఫోర్నియా తన నిబంధనల ప్రకారమే ఉద్గారాలను చూస్తుంది. ఎదురు దిశలో, అంటే కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌కు వెళ్లేవారికి ఈ బాధ చాలా తక్కువ, 30 రోజుల గడువులో పని పూర్తి చేసుకోవచ్చు.

ఎవరికి ఏది

కారు కట్టడంలో అనుభవం లేదు, నడపడం మాత్రమే ఇష్టం అనుకునేవారు, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, 1975 లేదా అంతకంటే పాత మోడల్‌ను శుభ్రమైన టైటిల్‌తో కొనడమే మేలు. 1976 లేదా ఆ తరువాతి కారు తీసుకుని ఇంజిన్ మార్చాలనుకుంటే లెక్క మారిపోతుంది: కొత్త ఇంజిన్ కారు కంటే పాతది కాకూడదు, ఆ ఇంజిన్‌తో వచ్చిన ఉద్గార పరికరాలన్నీ ఉండాలి, రిఫరీ చూడాలి. 35 ఏళ్లు దాటిన కార్లకు స్మాగ్ నుంచి మినహాయింపు ఇవ్వాలని 2025లో వచ్చిన బిల్లు అక్కడి శాసనసభలో ఆమోదం పొందలేదు, కనుక దాన్ని నమ్ముకుని 1980ల కారు కొనకండి.

చేతులకు పని కావాలనుకునే ఇంజనీర్లు, ఒక్కో బోల్టు తామే బిగించాలనుకునేవారు కిట్ దారిలో వెళ్లవచ్చు. వారికి నేను ఇచ్చే సలహా మొదటి రోజు నుంచే ఒక ఫైలు తెరవమని: ప్రతి రసీదు మీద అమ్మినవారి పేరు, తేదీ, భాగం వివరణ, ఇంజిన్ అయితే దాని సీరియల్ నంబరు స్పష్టంగా ఉండాలి. పాత ఇంజిన్‌ను చేతి నుంచి చేతికి కొంటే బిల్ ఆఫ్ సేల్ రాయించుకోవాలి, ఆ ఇంజిన్ వచ్చిన కారు విన్ కూడా అందులో ఉంటే ఇంకా మంచిది. నిర్మాణ దశల ఫొటోలు అడగకపోయినా తీసుకెళ్లండి. తనిఖీ అధికారి ఫ్రేమ్ ఎక్కడిదని అడిగినప్పుడు మాటలతో కాకుండా కాగితంతో జవాబు చెప్పగలగాలి.

ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో వారాంతాల్లో కారు నడిపితే చాలనుకునేవారు కస్టమ్ తరగతిని వదలకండి. ఆ కారుకు ముందుగా ఒప్పుకున్న విలువ ఇచ్చే క్లాసిక్ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోండి, ఎందుకంటే మామూలు పాలసీ కిట్ కారుకు మార్కెట్ ధర కట్టేటప్పుడు మీరు పెట్టిన శ్రమను లెక్కలోకి తీసుకోదు.

కొన్నాళ్లకు ఇండియాకు తిరిగి వెళ్లి కారును కూడా తీసుకెళ్లాలని కలలు కనేవారు ఒకటి తెలుసుకోవాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంచిన వాహనాలకు మాత్రమే "వీఏ" సిరీస్ ప్లేటు ఇస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసినవి అందులోకి రావు. అమెరికాలో ప్రత్యేక తరగతులు పుట్టించినది ఏ మార్పుల కోసమో, అవే మార్పులు హైదరాబాద్‌లో, విజయవాడలో ఆ కారును అర్హత లేనిదిగా చేస్తాయి.

ఇప్పటికే కట్టిన కారు కొంటుంటే

కిట్ కార్లలో చాలావరకు రెండో, మూడో యజమాని చేతికి చేరతాయి. ఇలాంటి కారు కొనేటప్పుడు టైటిల్ మీది మాటలను కారుతో పోల్చి చదవాలి. ఫైబర్‌గ్లాస్ బాడీ, కొత్త ట్యూబ్ ఫ్రేమ్ కళ్ల ముందు కనబడుతుండగా టైటిల్ మీద "1965 ఫోర్డ్" లేదా "1965 షెల్బీ" అని మాత్రమే ఉంటే, రెప్లికా అనో కస్టమ్ అనో సూచన ఎక్కడా లేకపోతే, ఆ టైటిల్ ఎలా వచ్చిందో అమ్మేవారు రుజువుతో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయడం మంచిది. ఇప్పటికే అలాంటి కారు మీ దగ్గర ఉంటే, దాన్ని అలాగే మరొకరికి అమ్మి బాధ్యత దించుకోవాలనుకోకండి. వాహన చట్టం తెలిసిన న్యాయవాదిని ముందు సంప్రదించి, ఆ తరువాత రాష్ట్ర సంస్థ దగ్గరకు స్వచ్ఛందంగా వెళ్లి సరైన తరగతిలోకి మార్పించుకోండి. ఆ మార్పుకు కారు మళ్లీ తనిఖీకి వెళ్లాలి, బకాయి పన్ను కట్టవలసి రావచ్చు, పొల్యూషన్ పరీక్ష ఉన్న రాష్ట్రమైతే ఇంజిన్ విషయం కూడా తేలాలి. కాబట్టి న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడే టైటిల్ కాపీ, పాత బిల్ ఆఫ్ సేల్, ఫ్రేమ్ మీద కనిపించే ప్రతి నంబరు ఫొటో వెంట తీసుకెళ్లండి.